స్పెక్ట్రమ్‌లో ఎస్‌డీ కార్డు పనిచేయడం లేదా? ముందు మీది ఏ మోడలో చూసుకోండి

బరంపురం, పర్లాకిమిడి వైపు ఏ ఇంటి అటక మీద నుంచైనా పాత జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ హోమ్ కంప్యూటర్ దిగిందంటే, అది చాలావరకు డెసిబెల్స్ వాళ్లు 1986 నుంచి మన దేశంలో అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్సే అయి ఉంటుంది. బయటి నుంచి తెప్పించుకున్నవాళ్ల దగ్గర నల్లటి ప్లస్2ఏ, ప్లస్3 కూడా ఉంటాయి. క్యాసెట్‌తో పడలేక, వెనక గుచ్చి ఎస్‌డీ కార్డు నుంచి గేములు ఎక్కించే డివ్‌ఎంఎంసీ ఇంటర్‌ఫేస్ కొంటున్నారు, మంచిదే. కానీ పేరు ఒకటే అయినా బోర్డులు వేరు, అది చూసుకోకుండా గుచ్చితే డబ్బూ పోతుంది, మళ్లీ దొరకని మెషీనూ పోతుంది.

సమస్య: ఆన్ చేయగానే తెర నిండా రంగు గళ్లు, చారలు

ఇంటర్‌ఫేస్ తీసేసి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే కింది 16కె ర్యామ్‌ను అనుమానించాలి. ప్లస్‌లో ఉండేది పాత 48కె బోర్డే, అందులోని ఎనిమిది 4116 చిప్పులకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. వాటిని తయారుచేసే సర్క్యూట్‌లో టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ ముందు పోతుంది, ముఖ్యంగా కరెంటు ఉండగానే వెనక ఇంటర్‌ఫేస్ పెట్టి తీసేవాళ్లకు. మైనస్ 5 రాకుండా 12 వస్తుంటే చిప్పులు కూడా పోతాయి, కాబట్టి ఇంకోసారి చూద్దాం, ఇంకోసారి చూద్దాం అని ఆన్ చేస్తూ కూర్చోకండి. మల్టీమీటర్ నల్ల వైరు చిప్పు 16వ పిన్నుకు పెట్టి, ఎర్రది 1కి పెడితే మైనస్ 5, 8కి 12, 9కి 5 రావాలి. రాకపోతే ముందు టీఆర్4 మార్చి మళ్లీ కొలవండి, చిప్పుల సంగతి ఆ తర్వాతే.

అడాప్టర్ కూడా చూడాలి. 9 వోల్టులు, మధ్యలో మైనస్. బజారులో ఇచ్చేవి ఎక్కువగా మధ్యలో ప్లస్ ఉన్నవే, షాపువాళ్లు సరిపోతుందన్నా నమ్మకండి, మీటరు పెట్టి చూడండి.

సమస్య: గేమ్ సగంలో రీసెట్ అవుతోంది

మెషీన్ కాస్త కదిలినప్పుడే అయితే వెనక ఇంటర్‌ఫేస్ గుచ్చే ఎడ్జ్ కనెక్టర్ నల్లబడి ఉంటుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ఇది మామూలే. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

కదలకపోయినా అవుతుంటే బేసిక్‌లో ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని కొట్టండి. 65535 వస్తే ర్యామ్ మొత్తం కనపడుతున్నట్టు. 32767 వస్తే అది 16కె మోడల్, లేదా పై 32కె ర్యామ్ పోయింది.

సమస్య: నల్ల మెషీన్‌లో ఇంటర్‌ఫేస్ అసలు మొదలవదు

ప్లస్2ఏ, ప్లస్3లకు, వాటిని తయారుచేసిన ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ వెనక కనెక్టర్‌లో సిగ్నళ్లు మార్చేసింది. లోపలి రోమ్‌ను ఆపి తన రోమ్ నడిపించడానికి ఇంటర్‌ఫేస్ వాడుకునే లైను అక్కడ లేదు. ఈ మోడళ్ల కోసం జంపర్ (సెట్టింగ్ మార్చే చిన్న పిన్ను) ఉన్న డివ్‌ఎంఎంసీయే కొనండి, అమ్మేవాళ్లను ఈ మాట ముందే అడగండి. బూడిద రంగు ప్లస్2కు ఈ తలనొప్పి లేదు.

సమస్య: ఈఎస్‌ఎక్స్‌డాస్ (డివ్‌ఎంఎంసీలో కార్డు నడిపే సాఫ్ట్‌వేర్) వస్తోంది, కార్డు చదవదు

64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, అది దీనికి తెలియదు. చిన్న కార్డు తీసుకుని ఫ్యాట్32 చేయండి. కార్డు మీది సిస్ ఫోల్డర్, ఇంటర్‌ఫేస్‌లోని ఈఎస్‌ఎక్స్‌డాస్ వెర్షన్ ఒకటే కావాలి.

ప్లస్3లో డిస్క్ తిరగకపోతే డ్రైవ్ పోయిందని పారేయకండి, దాని రబ్బరు బెల్టు జిగురైపోయి ఉంటుంది. బెల్టు మార్చినా చదవకపోతే అప్పుడు డ్రైవ్ బదులు, పెన్‌డ్రైవ్‌తో నడిచే గోటెక్ పెట్టుకోవచ్చు.