గది ధ్వనిని కొలుద్దాం – 3వ పాఠం: ముందు సౌండ్‌కార్డ్ సంగతి

కిందటి పాఠంలో గది ధ్వనిని కొలిచే ప్రోగ్రామ్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఇన్‌స్టాల్ చేసి, శాంపుల్ రేటు (సెకనుకు సిగ్నల్‌ను ఎన్నిసార్లు కొలవాలో చెప్పే అంకె) 48000 దగ్గర పెట్టుకున్నాం. మైకు కూడా వచ్చేసింది కాబట్టి వెంటనే కొలిచేయాలని చెయ్యి లాగుతూ ఉంటుంది. ఇంకో గంట ఆగండి. ఈ పాఠానికి మైకుతో పనిలేదు, స్పీకర్‌తోనూ పనిలేదు. ఒక చిన్న కేబుల్ చాలు.

కొలతలో మనకు కనిపించే గీత (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వచ్చిందో చూపేది) గది ఒక్కదానిదే కాదు. కంప్యూటర్ పంపిన సిగ్నల్ సౌండ్‌కార్డ్ (కంప్యూటర్‌లోకి ధ్వనిని తీసుకుని, బయటికి పంపే భాగం) అవుట్‌పుట్, ఆంప్లిఫయర్, స్పీకర్, గది, మైకు, మళ్లీ కార్డ్ ఇన్‌పుట్, ఇన్నిటినీ దాటి వస్తుంది. దారిలో ప్రతిదీ దాన్ని కొంచెం మార్చే పంపుతుంది. వాటిలో కార్డ్ చేసే మార్పును విడిగా కొలిచి తీసేయడమే కాలిబ్రేషన్.

నేను మొదటిసారి ఈ మెట్టు ఎక్కకుండానే ముందుకెళ్లాను. 40 హెర్ట్‌జ్ కింద గీత జారిపోతుంటే గది మీద అనుమానపడి, స్పీకర్లను గోడకీ మూలకీ మార్చి మార్చి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. పాపం గది తప్పేమీ లేదు. నా పాత లాప్‌టాప్ మైకు జాకే బేస్‌ను సగంలో మింగేస్తోంది. సిగ్నల్ దారిలో డీసీని (ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటును) ఆపడానికి ఒక కెపాసిటర్ ఉంటుంది. అది డీసీతో పాటు దాని పక్కనే ఉన్న తక్కువ ఫ్రీక్వెన్సీలనూ తగ్గిస్తుంది. మనకు కావలసింది సరిగ్గా అక్కడే ఉంది. 5 మీటర్ల పొడవున్న గదిలో ఆ పొడవు వల్ల వచ్చే మొదటి మోడ్ (గది తనంతట తాను ఎక్కువగా మోగే ఫ్రీక్వెన్సీ) సుమారు 34 హెర్ట్‌జ్ దగ్గర పడుతుంది.

మీది యూఎస్‌బీ మైకు అయితే ఈ పాఠం చదివి వదిలేయండి. అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే భాగం మైకులోనే ఉంటుంది కాబట్టి మైకుతో వచ్చే కాలిబ్రేషన్ ఫైలే ఆ పని కూడా చూసుకుంటుంది.

మిగతావాళ్లు ముందుగా ఆంప్లిఫయర్‌ను ఆపేయండి. హెడ్‌ఫోన్స్ చెవిలో ఉంటే తీసేయండి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ బయట ఉండే సౌండ్‌కార్డ్) మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుకు కేబుల్ గుండా ఇచ్చే కరెంటు) బటన్ ఉంటే అది ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఆ వోల్టేజీ కేబుల్ గుండా వెనక్కి వెళ్లి అవుట్‌పుట్‌కు చేరితే కార్డ్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ తర్వాతే కుడి లైన్ అవుట్‌పుట్ నుంచి అదే కార్డ్ కుడి లైన్ ఇన్‌పుట్‌కు కేబుల్ కలపండి. దీన్నే లూప్‌బ్యాక్ అంటారు.

ఇన్‌పుట్‌లో వినబడేదాన్ని అవుట్‌పుట్‌కు పంపే మానిటరింగ్ ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపండి. లేకపోతే సిగ్నల్ గుండ్రంగా తిరుగుతూ పెరిగిపోతుంది. విండోస్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ తీసేయండి. ముఖ్యంగా నాయిస్ తగ్గించే ఆప్షన్ చాలా ఇబ్బంది పెడుతుంది. కొలత కోసం తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కువకు జారే స్వీప్‌లో టోన్ ఆగకుండా సాగుతుంది కదా, దాన్నే రొద అనుకుని నొక్కేస్తుంది.

ఇప్పుడు ప్రిఫరెన్సెస్‌లో సౌండ్‌కార్డ్ ట్యాబ్ తెరిచి, కాలిబ్రేట్ సౌండ్‌కార్డ్ నొక్కండి. తెర మీద అడిగినట్టు చేసుకుంటూ పొండి. లెవెల్ మాత్రం కంగారు లేకుండా చూసుకోండి. ఇన్‌పుట్ మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉంటే హాయి. క్లిప్ అయితే, అంటే లెవెల్ హద్దు దాటి సిగ్నల్ పైభాగం తెగిపోతే, ఆ కొలత చెత్తబుట్టకే. మరీ తక్కువగా ఉంటే కార్డ్ సొంత రొద గీతలోకి వచ్చేస్తుంది.

స్వీప్ అయ్యాక వచ్చిన గీతను వెంటనే సేవ్ చేయకండి, కాసేపు చూడండి. అసలు పాఠం ఇదే. మంచి కార్డ్ అయితే 20 హెర్ట్‌జ్ నుంచి దాదాపు 20000 వరకు గీత చదునుగా సాగి, కింది చివర కొంచెం వాలుతుంది. పై చివర నిట్టనిలువుగా పడిపోతుంది. అది లోపం కాదు. 48000 శాంపుల్ రేటులో సగం, అంటే 24000 దాటిన ఫ్రీక్వెన్సీలను కార్డ్ తీసుకోలేదు కాబట్టి ఫిల్టర్ వాటిని ముందే కోసేస్తుంది.

గీత దువ్వెన పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటే ఒకే సిగ్నల్ రెండు దారుల్లో కొంచెం తేడాతో వస్తోందని అర్థం. మానిటరింగ్ ఎక్కడో ఇంకా ఆన్‌లోనే ఉంది, వెతికి పట్టుకోండి. మధ్యలో ఎక్కడైనా మూపురం లేచి ఉంటే ఏదో టోన్ కంట్రోలో బేస్ బూస్టో మిగిలిపోయింది. ఇలాంటి గీతను కాలిబ్రేషన్ ఫైల్‌గా సేవ్ చేస్తే తప్పు పోదు, పైగా ప్రతి కొలతలోనూ తిరగబడి కూర్చుంటుంది. నన్నడిగితే ఫైల్ కన్నా ఈ తనిఖీయే ఎక్కువ విలువైనది. మంచి ఇంటర్‌ఫేస్‌లో ఫైల్ సరిచేసేది ఒక్కోసారి అర డెసిబెల్ కూడా ఉండదు.

గీత బాగుంటే సేవ్ చేయండి. ఫైల్ పేరులో కార్డ్ పేరు, వాడిన ఇన్‌పుట్, శాంపుల్ రేటు మూడూ రాయండి. గెయిన్ మారిస్తే సాధారణంగా గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది, ఆకారం దాదాపు అలాగే ఉంటుంది. లైన్ ఇన్‌పుట్ వదిలి మైకు ప్రీఆంప్‌కు (మైకు సన్నని సిగ్నల్‌ను పెంచే భాగానికి) మారితే మాత్రం దారే మారినట్టు. లైన్‌లో తీసిన ఫైల్ ప్రీఆంప్ చేసే మార్పును చూపదు.

ఫైల్ లోడ్ చేశాక కేబుల్ తీయకుండా ఇంకో లూప్‌బ్యాక్ కొలత తీసుకోండి. ఈసారి గీత స్కేలు పెట్టి గీసినట్టు రావాలి. కింద ఇంకా వాలుతుంటే ఫైల్ లోడ్ కాలేదన్నమాట. ముందు వాలినంత మేర గీత పైకి లేస్తే ఒకే దిద్దుబాటు రెండుసార్లు పడుతోంది.

ఆ చదును గీతను దాచిపెట్టుకోండి. వచ్చే పాఠంలో మైకు ఫైల్ కలిపి, 1000 హెర్ట్‌జ్ దగ్గర 94 డీబీకి లెవెల్ సరిచూసుకునేటప్పుడు దానితో పని పడుతుంది.