టూ వీల్ డ్రైవ్ పికప్ ముందు భాగం లెవెల్ చెయ్యాలంటే: ఎంత లేపాలి, ఎలా లేపాలి

దాదాపు ఏ పికప్ అయినా ఖాళీగా ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి, ముక్కు కిందకి, వెనక పైకి ఉంటుంది. చాలామంది దీన్ని కంపెనీ వాళ్ళ లోపం అనుకుంటారు గానీ అది కావాలని పెట్టిందే, ఎందుకంటే వెనక లోడ్ వేస్తే కమాన్ కట్టలు (వెనక ఉండే పట్టీల స్ప్రింగులు) కుంగి బండి సమానంగా వస్తుంది. దాన్ని తీసేసి ఖాళీ బండినే లెవెల్ చేసేస్తే లోడ్ వేసిన రోజు ముక్కు ఆకాశం చూస్తుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడతాయి. కాబట్టి ఏ లిఫ్ట్ కిట్ (బండి లేపే సామాను) కొనాలి అనేదానికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఈ బండిలో మీరు ఎంత బరువు ఎంత తరచుగా వేస్తారు అన్నది. వారంలో సగం రోజులు లోడ్ ఉంటే వెనక ఓ ఇంచు ఎత్తు వదిలేసి మిగతాది మాత్రమే ముందు లేపండి. ఎప్పుడో ఒకసారి తప్ప బరువు వెయ్యరంటే పూర్తిగా సమానం చేసుకోవచ్చు, అయినా ఓ అర ఇంచు వదలమనే చెప్తాను.

ఇక కొలతలు. దీనికి బద్ధకించొద్దు, మొత్తం పనిలో ఇదే ముఖ్యం. సమంగా ఉన్న సిమెంటు నేల చూస్కోండి, నాలుగు టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నట్టు పెట్టండి, జాకీ దింపిన వెంటనే కొలవకండి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపాక కొలవండి, లేకపోతే సస్పెన్షన్ ఇంకా సర్దుకోక తప్పు లెక్క వస్తుంది. వీల్ మధ్య బిందువు నుంచి నేరుగా పైకి మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు చోట్లా రాసుకోండి. నేల నుంచి కాకుండా వీల్ మధ్య నుంచి ఎందుకంటే టైరు అరుగుదల, గాలి తేడా అప్పుడు లెక్కలోకి రావు, పని అయ్యాక ఎంత లేచిందో కచ్చితంగా తెలుస్తుంది.

అయితే బండి ఎంత వాలి ఉందో మడ్‌గార్డ్ చూసి చెప్పలేం, ముందు వెనక మడ్‌గార్డ్‌ల ఆకారం ఒకేలా ఉండదు కదా. దానికి డోర్ల కింద పొడుగునా ఉండే రేకు అంచు వాడండి. ఆ అంచు మీద రెండు చోట్ల నేల నుంచి ఎత్తు కొలవండి. ఆ రెండు చోట్ల మధ్య దూరం 1.5 మీటర్లు, ఎత్తుల తేడా 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3 మీటర్లు అయితే అసలు వాలు 40 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఒకటిన్నర ఇంచు. ఇదే లెక్క మీరు మామూలుగా వేసే లోడ్ వేసి ఇంకోసారి చెయ్యండి. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే ఎంత లేపాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

టూ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్ళేది) కావడం వల్ల మనకి ఒక సుఖం ఉంది, ముందు చక్రాలకి డ్రైవ్ షాఫ్టులు లేవు కాబట్టి ఫోర్ బై ఫోర్ వాళ్ళకుండే సీవీ జాయింట్ (డ్రైవ్ షాఫ్టు వంగే కీలు) కోణం బెడద లేదు. అలాగని ఎంతైనా లేపొచ్చని కాదు, పై ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి పట్టి ఉంచే చెయ్యి) బాల్ జాయింట్ (ఆర్మ్ చివర ఉండే గుండు కీలు), టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు, వీటన్నిటికీ హద్దు ఉంది. కంపెనీ ఆర్మ్‌లతో ముందు రెండు ఇంచుల దగ్గర ఆగిపోండి, అది దాటితే పై ఆర్మ్‌లు మార్చాల్సిందే. ఇంకో మాట, సస్పెన్షన్ లేపితే వెనక క్రౌన్ హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండు) కింద ఖాళీ ఒక్క మిల్లీమీటర్ కూడా పెరగదు, అది పెద్ద టైరుతోనే పెరుగుతుంది, అది కూడా టైరు వ్యాసం పెరిగిన దాంట్లో సగమే. బురదలో గ్రిప్ కూడా పెరగదు. లేపితే వచ్చేది ముందు బంపర్ కింద ఖాళీ, ముందు టైరు చుట్టూ కాస్త చోటు, చూడ్డానికి బాగుండటం, అంతే, దానికే చేస్తున్నామని తెలిసి చెయ్యండి.

ముందు సస్పెన్షన్ ఏ రకమో కిందకి వంగి చూడండి. కొత్త బళ్ళలో ఎక్కువగా స్ప్రింగూ షాకూ కలిసిన స్ట్రట్ ఉంటుంది, దానికి పైన స్పేసర్ (ఎత్తు పెంచే ముక్క) పెడతారు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే స్పేసర్ మందం ఎంతో బండి అంతే లేవదు, స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది, అందుకని ఒక ఇంచు స్పేసర్ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండు ఇంచులు వస్తుంది. రెండు ఇంచులు కావాలని రెండు ఇంచుల స్పేసర్ కొనకండి, కిట్ మీద ఎంత లిఫ్ట్ అని రాసుందో చూడండి. పాత బళ్ళలో టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటే పెద్దగా ఖర్చే ఉండదు, చక్రాలు గాల్లో వేలాడేలా లేపి బరువు తీసేశాక అడ్జస్ట్ బోల్టు తిప్పడమే. మొదలుపెట్టే ముందు బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకోండి, కొంచెం తిప్పి, దింపి, బండి కాస్త నడిపి, మళ్ళీ కొలవండి. బార్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడిందని అంటారు గానీ నిజానికి బార్ గట్టిదనం మారదు, చక్రం కిందకి దిగే చోటు తగ్గిపోయి గుంటలో పడ్డప్పుడు ఆర్మ్ వెళ్ళి స్టాప్ రబ్బరుకి కొడుతుంది, మనకి తగిలే దెబ్బ అదే. ఒకటి ఒకటిన్నర ఇంచుకి మించి తిప్పకండి.

స్ప్రింగు విడిగా, షాక్ విడిగా ఉన్న బళ్ళకి పొడుగు స్ప్రింగులు దొరుకుతాయి. వీటన్నిటికంటే నాకు బాగా నచ్చేది లిఫ్ట్ స్పిండిల్, మీ మోడల్‌కి దొరికితే వేరే ఆలోచన పెట్టుకోకండి. ఇందులో చక్రం ఎక్కే ఇరుసునే బాల్ జాయింట్లకంటే కిందకి జరిపి తయారుచేస్తారు కాబట్టి ఆర్మ్‌ల కోణం, స్ప్రింగు, షాక్ అన్నీ కంపెనీ పెట్టినట్టే ఉంటాయి, బండి మాత్రం లేస్తుంది, నడక కూడా మారదు. 1996 దాకా వచ్చిన టూ వీల్ డ్రైవ్ ఫోర్డ్ ఎఫ్-150 లాంటి ట్విన్ ఐ-బీమ్ (ముందు ఒక్కో చక్రానికి ఒక్కో పొడుగు దూలం ఉండే) బళ్ళయితే లేపిన కొద్దీ చక్రాల పైభాగం బయటికి వాలుతుంది, కాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) సరిచేసే బుష్‌లు లేకుండా వాటి జోలికి పోవద్దు.

స్ట్రట్ స్పేసర్ పని ఇలా సాగుతుంది. వెనక టైర్లకి రెండు వైపులా అడ్డలు పెట్టండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యండి. ముందు లేపి ఛాసీ కింద రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టండి, ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు. రెండు చక్రాలూ ఒకేసారి తీసేస్తే యాంటీ రోల్ బార్ (రెండు వైపుల చక్రాల్నీ కలిపే కడ్డీ) లాగకుండా ఉంటుంది, దాని లింకులు కూడా రెండు వైపులా విప్పండి. ఏబీఎస్ వైరు, బ్రేక్ హోస్ క్లిప్పులు వదులు చేసి కింది ఆర్మ్ కింద ట్రాలీ జాకీ ఆనించండి. పై బాల్ జాయింట్ నట్ పూర్తిగా తియ్యకుండా రెండు మూడు చుట్లు ఉంచి, నకిల్ (చక్రం ఎక్కే ఇనుప భాగం) మీద ఆ జాయింట్ దిగే చోట పక్కనుంచి సుత్తితో గట్టిగా కొడితే వదిలేస్తుంది, బాల్ జాయింట్ చీల మీద మాత్రం కొట్టొద్దు, మరలు పాడవుతాయి. వదిలాక నకిల్ బయటికి వాలి బ్రేక్ హోస్ మీద వేలాడకుండా తాడుతో కట్టెయ్యండి.

తర్వాత స్ట్రట్ కింది బోల్టు, పైన చుట్టూ ఉన్న నట్లు విప్పి స్ట్రట్ బయటికి తియ్యండి. పైన మధ్యలో ఉండే పెద్ద నట్‌ని ఏ పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి, నొక్కి పెట్టిన స్ప్రింగు మొత్తం దాని మీదే ఆగి ఉంది, అది ఊడితే ప్రాణాలకే ముప్పు. స్పేసర్ స్ప్రింగు లోపల పెట్టే రకమైతే ఆ పని మంచి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షెడ్డులో చేయించండి. పైన పెట్టే రకమైతే స్పేసర్ బిగించి, కింది రంధ్రం ఆర్మ్‌కి సరిగ్గా ఎదురుగా వచ్చిందో లేదో చూసి ఎక్కించండి, తీసే ముందే స్ట్రట్ బయటి వైపు పెయింట్ గుర్తు పెట్టుకుంటే తికమక ఉండదు.

బిగింపులో ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. ఆర్మ్‌ల రబ్బరు బుష్‌ల మీదుగా పోయే బోల్టులు చక్రం గాల్లో ఉండగా ఫుల్లుగా బిగించకూడదు. అలా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టేసుకుంటుంది, బండి దింపగానే మెలిపడి కొన్నాళ్ళకే చిరిగిపోతుంది, ఎత్తు కొలత కూడా తప్పు చూపిస్తుంది. చేత్తో బిగించి వదిలి, చక్రాలు ఎక్కించి, బండి నేల మీదకి దింపి కాస్త ఊపాక అప్పుడు మీ బండి మాన్యువల్లో ఉన్న టార్క్‌కి బిగించండి. బాల్ జాయింట్‌కి కాటర్ పిన్ ఉంటే కొత్తది వెయ్యండి. దింపే ముందే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేక్ హోస్ సాగుతోందా, పై ఆర్మ్ స్ప్రింగుకి తగులుతోందా చూడండి. తగిలితే స్పేసర్ మీ బండికి ఎక్కువైనట్టే, చిన్నది పెట్టండి.

వెనక కూడా ఓ ఇంచు లేపాలనుకుంటే బ్లాకు (కట్టకీ ఇరుసుకీ మధ్య పెట్టే దిమ్మ) కొనే ముందు కమాన్ కట్ట ఇరుసుకి పైన ఉందా కింద ఉందా చూడండి. కొన్ని టూ వీల్ డ్రైవ్ బళ్ళలో కట్ట ఇరుసు కింద ఉంటుంది, అలాంటి దానికి బ్లాకు పెడితే బండి లేవదు, ఇంకా దిగిపోతుంది! అక్కడ అదనపు పట్టీ వెయ్యాలి, లేదంటే పొడుగు షాకిల్ (కట్ట చివరని ఛాసీకి తగిలించే లింకు), షాకిల్ రెండు ఇంచులు పెంచితే బండి లేచేది సుమారు ఒక ఇంచే. లోడ్ వేసేవాళ్ళకి నా ఓటు అదనపు పట్టీకే, ఎత్తుతో పాటు బలం కూడా వస్తుంది. కట్ట పైన ఉన్న బండికి బ్లాకు పెడితే ఇనుపది పెట్టండి, దాని పిన్ను ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి, యూ బోల్టులు (కట్టనీ ఇరుసునీ కలిపి పట్టి ఉంచేవి) కొత్తవే వాడాలి, ఒకసారి బిగించి సాగినవి మళ్ళీ పనికిరావు, నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. బ్లాకు మీద బ్లాకు పేర్చడం, చెక్క ముక్కలు పెట్టడం, కాయిల్ స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దూర్చడం, ఇవన్నీ చేస్తే ఏదో ఒకరోజు బ్రేక్ కొట్టినప్పుడు ఇరుసు జారుతుంది, లేదా స్ప్రింగు విరుగుతుంది.

వెనక లేపాక వేగం అందుకునేటప్పుడు కింద గుర్రుమని వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకి పోయే కడ్డీ) కోణం మారిందని అర్థం. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటే సెంటర్ బేరింగ్ కిందకి దింపే చిన్న స్పేసర్‌తోనూ, లేదా కట్టకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు షిమ్ (పల్చటి ముక్క)తోనూ సరిపోతుంది.

దాదాపు ఎవరూ చూడనిది ఇంకొకటి ఉంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసు నుంచి ఛాసీ మీద ఉన్న ఒక వాల్వుకి సన్నని కడ్డీ వెళ్తుంది, లోడ్ పడి బండి కుంగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. మీరు వెనక లేపితే ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటుంది, ఫుల్ లోడ్‌తో ఉన్నా వెనక బ్రేకు సరిగ్గా పట్టదు. కడ్డీ బ్రాకెట్‌ని లేపిన ఎత్తుకి తగ్గట్టు జరపాలి, ఎలా అన్నది మాన్యువల్ చూసి లేదా తెలిసిన మెకానిక్‌తో చేయించండి. ముందు ఒక్కటే లేపినవాళ్ళకి ఈ పని అక్కర్లేదు.

పని అవ్వగానే అటునుంచి అటే వీల్ అలైన్‌మెంట్‌కి వెళ్ళండి. ముందు లేస్తే టై రాడ్ కోణం మారి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పుతుంది, అలాగే తిరిగితే కొత్త టైర్లు లోపలో బయటో రంపంలా అరిగిపోతాయి. అక్కడ క్యాస్టర్ (చక్రం అటూ ఇటూ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) ఎంతుందో కూడా అడగండి, అది తగ్గితే హైవే మీద బండి నిలకడగా పోదు, స్టీరింగ్ వదిలితే దానంతట అది సరిగ్గా మధ్యకి రాదు. హెడ్‌లైట్లు గోడ మీద కొట్టి చూసి కిందకి దింపండి. ముందు కెమెరా, రాడార్ ఉన్న బండైతే వాటి కాలిబ్రేషన్ కూడా చేయించాలి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు, యూ బోల్టులు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి, మొదట రాసుకున్న నాలుగు కొలతలూ మళ్ళీ తియ్యండి, స్పేసర్ సరిగ్గా కూర్చోకపోతే ఎడమకీ కుడికీ తేడా అక్కడే బయటపడుతుంది. మొదటి లోడ్ వేసిన రోజు మలుపుల్లో నెమ్మదిగా వెళ్ళండి, బండి బరువు ఇప్పుడు ఇంకాస్త ఎత్తులో ఉంది.