కోడి కనబడకపోతే కుక్క మొరగదు

పక్కింటి కుక్క మీ కోళ్ళను చూసి రోజంతా మొరుగుతోందా? గొడవకు దిగేముందు మధ్యలో కంచె ఎలా ఉందో చూడండి. మా కోనసీమలో ఇప్పుడు చాలా పెరళ్ళకు ఇనప వలే. అందులోంచి కోడి కదిలితే చాలు, కుక్కకు పూనకం. అల్లిన కొబ్బరాకు తడికలు నడుమెత్తు దాకా సందు లేకుండా కట్టండి. కింద బెత్తెడు ఖాళీ వదిలారో, మూతి అక్కడే పెడుతుంది. మా ఇంట్లో అదే జరిగింది. నూకలు కూడా కంచె పక్కన కాకుండా ఇంటివైపు చల్లండి.

తెల్లారకుండానే పుంజు కూస్తోందని వాళ్ళ గోలైతే, రాత్రి గంప మీద గాలాడేలా గోనెసంచి కప్పండి. కూత కాస్త ఆలస్యమవుతుంది. పూర్తిగా ఆగదు లెండి, పుంజు కదా.

తడిక కట్టేరోజు "అన్నయ్యగారూ, ఓ చెయ్యి వెయ్యండి" అని పక్కాయన్నే పిలవండి. వెళ్ళేటప్పుడు నాలుగు నాటుకోడి గుడ్లు చేతిలో పెట్టండి.