ఆన్‌లైన్ చెస్ సొంతంగా నేర్చుకుందాం – 5వ పాఠం: మీ ఆట తీరు ఎక్కడ దొరుకుతుంది?

పోయిన పాఠంలో అనుకున్నట్టు బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే వేగపు ఆటలు) పక్కన పెట్టి 15+10 ఆటలు ఆడుతున్నారనుకుంటాను. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం. కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది ఈ టైమ్ లెక్కలోనే. ఆలోచించే వ్యవధి ఉన్న ఆటల్లోనే మన ఆలోచన బయటపడుతుంది. ఈ పాఠానికి అవే కావాలి.

"నాది ఎటాకింగ్ స్టైల్" అని కొత్తవాళ్లు చాలామంది అంటారు. వాళ్ల ఆటలు తెరిచి చూస్తే నాకు ఎక్కువగా కనిపించేది వేరు: ఒక బంటు పోతే మనసు ఒప్పుకోదు, అవతలి గుర్రం మన వైపు సగంలోకి దూకితే కంగారుగా చేతికందింది కొట్టేస్తారు. దీన్ని ఒక స్థితిలో చూద్దాం. బోర్డు పెట్టుకోండి, మీవి నల్లపావులు.

బంట్లు ఇ4, ఇ5. గుర్రాలు ఎఫ్3, సి6. తెల్ల బిషప్ సి4కి వచ్చింది, మీరు రెండో గుర్రాన్ని ఎఫ్6లో దించారు. తెల్ల గుర్రం జి5కి దూకి, బిషప్‌తో కలిసి ఎఫ్7 మీద గురిపెట్టింది. ఆ బిషప్ దారి మూయడానికి మీరు బంటును డి5కి తోశారు, వాళ్లు ఇ బంటుతో దాన్ని కొట్టారు. ఇప్పుడు మీ ఎత్తు. ముందుకు చదవకుండా రెండు నిమిషాలు చూడండి.

ఎఫ్6 గుర్రంతో డి5 బంటును కొట్టాలనిపిస్తుంది. పోయిన బంటు తిరిగి వస్తుంది కదా! కానీ తెల్ల గుర్రం ఎఫ్7 బంటును కొట్టి, క్వీన్‌నీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. రాజుతో దాన్ని కొట్టక తప్పదు. వెంటనే తెల్ల క్వీన్ ఎఫ్3లో చెక్. డి5 గుర్రాన్ని కాపాడుకోవాలంటే మీ రాజు ఇ6కి, నడిబోర్డులోకి నడవాలి. దీన్నే ఫ్రైడ్ లివర్ ఎటాక్ అంటారు. లెక్కకు ఒక పావు ఎక్కువే ఉన్నా, ఆ రాజును కాపాడుతూ ఆడటం చాలా కష్టం.

రెండో దారి, సి6 గుర్రాన్ని ఎ5కి పంపి బిషప్‌ను కదిలించడం. అది బి5లో చెక్ ఇస్తుంది, మీరు సి6 బంటు అడ్డం పెడతారు, వాళ్లు దాన్ని కొడతారు, మీరు బి బంటుతో తిరిగి కొడతారు. ఒక బంటు తక్కువే. అయితే బిషప్ మామూలుగా మళ్లీ ఇ2కి తగ్గుతుంది. మీరు హెచ్6 తోస్తే గుర్రం మామూలుగా ఎఫ్3కి పోతుంది, ఇ4 తోస్తే అక్కడినుంచీ లేవాలి. వాళ్లు పరిగెత్తుతుంటే మీ పావులు బయటికి వస్తుంటాయి. ఆ ఒక్క బంటు ఖరీదు అదే.

ఈ రెండు దారుల్లో మీ చెయ్యి మొదట దేనివైపు పోయిందో గుర్తుంచుకోండి. మీ ఆట తీరుకు మొదటి ఆనవాలు అదే, "ఎటాకింగ్" అన్న పేరు కాదు.

ఇక ఇంటిపని. ఈ మధ్య ఓడిన ఆటలు పది తీయండి. కంప్యూటర్ అనాలసిస్ నొక్కవద్దు, దయచేసి. ఇంజిన్ జవాబు ముందే చూస్తే మన ఆలోచన మనకు గుర్తు రాదు. ఒక్కో ఆటలో ఇబ్బంది మొదలైందనిపించిన ఎత్తు దగ్గర ఆగి, అది ఎందుకు వేశారో నోటుబుక్కులో తెలుగులో ఒక వాక్యం రాయండి. "బంటు పోతుందని", "క్వీన్‌లు మార్చేస్తే తేలికని", ఏదైనా సరే, ఉన్నదున్నట్టు. ఆ తర్వాతే ఇంజిన్ తెరవండి. ఎత్తుకు పట్టిన సమయం లైచెస్ (ఆన్‌లైన్ చెస్ సైట్) చూపిస్తుంది, అదీ పక్కన రాయండి. గడియారంలో తొమ్మిది నిమిషాలుండగా నాలుగు సెకన్లలో వేసిన తప్పుకు ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) వీడియోలు మందు కాదు. అవతలివాళ్ల ఎత్తు వల్ల కొత్తగా ఏది దెబ్బలో పడిందో చూసుకునే అలవాటే దానికి కావాలి.

రేటింగ్ (గెలుపోటములను బట్టి మారే మీ బలం అంకె) గురించి చాలామంది అడుగుతున్నారు. లైచెస్ అందరినీ 1500 దగ్గర, పక్కన ప్రశ్నార్థకంతో మొదలుపెడుతుంది. ఆ గుర్తు పోయేదాకా అంకె బాగా ఊగుతుంది. ఆ తర్వాత కూడా, సమాన బలం ఉన్నవాళ్లతో డ్రాలు లేకుండా ఐదు ఆటలు ఆడితే ఐదూ ఓడే అవకాశం 32లో 1. తరచూ ఆడేవాళ్లకు అది అప్పుడప్పుడూ తగులుతూనే ఉంటుంది.

వచ్చే పాఠంలో ఆ పది వాక్యాలతోనే పని. ఇ4కు జవాబుగా ఇ5 కాకుండా సిసిలియన్ గానీ కారో-కాన్ గానీ లాంటి వేరే ఓపెనింగ్ ఆడేవాళ్లు, మీ ఓపెనింగ్‌లో బంటు వదులుకునే లైను ఒకటి వెతికి పెట్టుకోండి.