పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ను అప్‌గ్రేడ్ చేయదలచినవారు ముందుగా చూసుకోవలసినవి

లీజు గడువు తీరాక కంపెనీలు వదిలించుకునే డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కొత్తవాటి ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. ఆఫీసు పనికీ పిల్లల చదువుకూ అవి చక్కగా సరిపోతాయి. అయితే ఇప్పటికి ఇది కొనుక్కుని తరువాత మంచి గ్రాఫిక్స్ కార్డు వేసుకుందామనుకునేవారు మాత్రం డబ్బు చెల్లించకముందే క్యాబినెట్ పక్క మూత తీయించి లోపల చూడాలి.

మొదట చూడవలసింది ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) నుంచి మదర్‌బోర్డుకు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) వెళ్లే ప్రధాన కనెక్టరు. డెస్క్‌టాప్ భాగాల కొలతలకూ కనెక్టర్లకూ ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని పాటించే నేటి బోర్డుల్లో అది 24 పిన్నులతో, వేలెడు పొడవున ఉంటుంది. ఆ కనెక్టరు కనిపిస్తే బజారులో దొరికే ఏ మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా దానికి సరిపోయే అవకాశం ఎక్కువ. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020 మోడళ్లలో ఆ స్థానంలో 8 పిన్నుల కనెక్టరే ఉంటుంది. హార్డ్ డిస్క్‌కు కరెంటు కూడా ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు. మదర్‌బోర్డు మీది చిన్న సాకెట్టు నుంచి బయలుదేరే సన్నని కేబుల్ ద్వారా వస్తుంది. అదే కాలపు హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1లో ప్రధాన కనెక్టరుకు 6 పిన్నులే ఉంటాయి. ఇక్కడ మోడల్ నంబరును మాత్రమే నమ్ముకోరాదు, ఎందుకంటే డెల్ 2014 నాటి 7020 అనే పేరునే 2024లో మరో కొత్త యంత్రానికి పెట్టింది. ప్రాసెసర్ ఏ తరానిదో అడిగి తెలుసుకోవడమే క్షేమం.

8 పిన్నుల కనెక్టరు ఉన్న 9020 టవర్ మోడల్‌లో కంపెనీ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ 290 వాట్లది. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే కేబుల్ దానికి ఉండదు. పెద్ద కార్డు కావాలంటే సాధారణ ఎస్‌ఎంపీఎస్‌తో పాటు 24 పిన్నుల నుంచి 8 పిన్నులకు మార్చే అడాప్టరు కొనవలసి ఉంటుంది. ఆ అడాప్టరు సరిగ్గా ఆ మోడల్ కోసమే తయారైనదై ఉండాలి. ప్రాసెసర్‌కో గ్రాఫిక్స్ కార్డుకో వెళ్లే 8 పిన్నుల తీగ చూడటానికి ఒకేలా ఉందని అందులో దూర్చరాదు. తీగల వరుస వేరు కనుక బోర్డు కాలిపోవచ్చు. 1990ల చివర డెల్ తన యంత్రాల్లో చూపుకు అచ్చం ఏటీఎక్స్ లాంటి కనెక్టరునే వాడుతూ లోపలి తీగల క్రమాన్ని మార్చింది. కనెక్టరు పట్టినంత మాత్రాన కరెంటు సరైన చోటికే వెళుతుందనుకోరాదనడానికి అదే సాక్ష్యం.

అడాప్టరు ఉపాయం టవర్ క్యాబినెట్‌కే పనికొస్తుంది. పుస్తకాల అరలో పట్టేంత సన్నని స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ పెట్టెలో సాధారణ ఎస్‌ఎంపీఎస్ పట్టనే పట్టదు. అందులో పట్టేవి సగం ఎత్తు ఉండే లో ప్రొఫైల్ కార్డులు మాత్రమే. వాటిలోనూ మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే స్లాటు నుంచి వచ్చే కరెంటుతోనే నడిచేవాటిని ఎంచుకోవాలి. ప్రమాణం ప్రకారం ఆ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వవచ్చు గాని, కొన్ని చిన్న పెట్టెల్లో కంపెనీలు అంతకంటే తక్కువ పరిమితి పెట్టాయి కనుక ఆ మోడల్ మాన్యువల్ చూడకుండా కార్డు కొనరాదు. ఎన్విడియా జీటీఎక్స్ 1650 కార్డు సగం ఎత్తు రకాలు చాలావరకు స్లాటు కరెంటుతోనే నడిచేవి. ఏఎండీ రేడియాన్ ఆర్ఎక్స్ 6400 కూడా ఇమిడిపోతుంది గాని, అది నాలుగు లేన్ల (డేటా వెళ్లే దారుల) మీదే పనిచేస్తుంది కనుక, ఆ స్లాటు పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 రకానిదైన బోర్డులో కొంత వేగం కోల్పోతుంది.

ఫ్యాన్లు, ముందువైపు పవర్ బటన్ తీగలు కూడా చాలా మోడళ్లలో కంపెనీ సొంత కనెక్టర్లతోనే వస్తాయి. బయటి ఫ్యాన్ వేస్తే కొన్ని యంత్రాలు ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక చూపి ఎఫ్1 నొక్కమంటాయి. దీనివల్ల పనికి నష్టం లేదు, చిరాకు మాత్రం తప్పదు. మదర్‌బోర్డును వేరే క్యాబినెట్‌లోకి మార్చుదామనుకునేవారికి మాత్రం ఈ తీగలే పెద్ద అడ్డంకి. అంత శ్రమకు ఈ బోర్డులు తగవని నా అభిప్రాయం.

నిశ్చింతగా డబ్బు పెట్టదగినవి సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్), ర్యామ్. 9020 టవర్‌లో నాలుగు డీడీఆర్3 స్లాట్లకు కలిపి 32 జీబీ దాకా వేసుకోవచ్చు. సాటా కంటే వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్ జోలికి మాత్రం పోనక్కరలేదు, ఎందుకంటే ఆ యంత్రం దాని నుంచి బూట్ అవుతుందన్న (మొదలవుతుందన్న) భరోసా లేదు. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వాడటానికి అభ్యంతరం లేనివారికి తప్ప, అంత పాత యంత్రంలో ప్రాసెసర్ మార్చడం కంటే ఎనిమిదో తరం యంత్రాన్నే కొనడం లాభం.

ఏఎండీ రైజెన్ ప్రో ప్రాసెసర్ విడిగా కొనేవారు మరొకటి అడగాలి. ప్లాట్‌ఫాం సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు వల్ల, కొన్ని లెనోవో యంత్రాల్లో ఒకసారి పనిచేసిన ప్రాసెసర్ శాశ్వతంగా ఆ కంపెనీ బోర్డులకే ముడిపడిపోతుంది. అలాంటిది పైకి చూస్తే తెలియదు కనుక, మీ బోర్డు మీదనే బిగించి ఆన్ చేసి చూపమని దుకాణదారును అడిగి, ఆ తరువాతే డబ్బు చెల్లించండి.