ఇ85 నుంచి మామూలు పెట్రోల్‌కి: ఫ్లెక్స్ ఫ్యూయల్ కారులో ఇంధనం మార్చడం ఎలా?

కంపెనీ నుంచే ఫ్లెక్స్ ఫ్యూయల్‌గా వచ్చిన కారైతే ట్యాంకు ఖాళీ చేయించక్కర్లేదు. ఇ85 (85 శాతం వరకు ఇథనాల్ ఉన్న ఇంధనం), పెట్రోల్ ఏ పాళ్లలో కలిసినా నడుస్తుంది. కాకపోతే ట్యాంకులో ఇంధనం మారిందని ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, తెలియాలి. తెలిసేదాకా అది పాత లెక్క ప్రకారమే ఇంధనం చిమ్ముతుంది. ఇబ్బందులన్నీ ఆ కాసేపట్లోనే వస్తాయి.

కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇ85కి 9.8 చాలు. అందుకే ఇ85 మీద ఇంజెక్టర్లు మూడో వంతుకు పైగా ఎక్కువ ఇంధనం చిమ్ముతాయి. పెట్రోల్ వచ్చాక కూడా అదే కొలత కొనసాగితే మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి ఇంధనం పడుతుంది. నల్ల పొగ, పచ్చి పెట్రోల్ వాసన, ఐడిలింగ్‌లో కుదుపు, ప్లగ్గులకు మసి, ఆపైన చెక్ ఇంజిన్ లైటు, స్కానర్‌లో పి0172 (మిశ్రమం రిచ్ అయిందని చెప్పే ఎర్రర్ కోడ్).

మార్పును ఈసీయూ రెండు రకాలుగా పసిగడుతుంది. కొన్ని కార్లలో ఫ్యూయల్ లైనులోనే ఇథనాల్ సెన్సర్ ఉంటుంది. వాటితో పెద్దగా పేచీ లేదు. మిగతావాటిలో సెన్సర్ ఉండదు. ట్యాంకు మట్టం పెరిగిందని గుర్తించాక, ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ రీడింగును బట్టి ఇథనాల్ శాతాన్ని ఈసీయూ అంచనా కడుతుంది. జాగ్రత్తలన్నీ ముఖ్యంగా ఈ రెండో రకానికే.

ట్యాంకు పావు వంతుకు వచ్చాక మార్చండి. ఇంజిన్ ఆపేసి, ఒకేసారి నిండుగా పోయించండి. ఇంజిన్ నడుస్తుండగా పోస్తే, లేదా రెండు మూడు లీటర్లే పోస్తే, మట్టం పెరిగిన సంగతి ఈసీయూ గుర్తించకపోవచ్చు. కనీసం 11 లీటర్లని కొన్ని మాన్యువళ్లు, 19 లీటర్లని మరికొన్ని చెబుతాయి. మీ కారు మాన్యువల్‌లో ఉన్నదే పాటించండి. పెట్రోల్ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తిని చెప్పే అంకె) కూడా అందులో రాసినదానికి తగ్గకూడదు.

పోయించిన వెంటనే 10, 12 కిలోమీటర్లు నిలకడగా నడపండి. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. బంకు నుంచి నేరుగా ఇంటికొచ్చి ఆపేస్తే ఈసీయూ కొత్త ఇంధనాన్ని నేర్చుకోవడం సగంలో ఆగుతుంది. మర్నాడు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కేదాకా దిద్దుబాటు జరగదు కాబట్టి, బండి మొరాయిస్తుంది. ఈ దూరంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి, బరువు లాగించకండి. పెట్రోల్ ఆక్టేన్ ఇథనాల్ కంటే తక్కువ, నాకింగ్ (ఇంధనం వేళ తప్పి మండి ఇంజిన్ టకటకమనడం) రావచ్చు.

ఒక్క ఫిల్లింగ్‌తో ఇథనాల్ పోదు. 50 లీటర్ల ట్యాంకులో 80 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనం 12 లీటర్లు మిగిలిందనుకోండి. దానిపై 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 38 లీటర్లు పోస్తే మొత్తం 27 శాతానికి దిగుతుంది. మళ్లీ 12 లీటర్లకు వచ్చాక నింపితే 14 శాతం. కాబట్టి మైలేజీ పెరిగిందా లేదా అన్నది రెండో ట్యాంకు తర్వాతే చూడండి. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) ఉంటే ఇథనాల్ శాతం ఈ లెక్కకు దగ్గరగా ఉందో లేదో, ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనం కొలతలో ఈసీయూ చేసే దిద్దుబాటు) ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉందో లేదో సరిచూసుకోవచ్చు.

పెట్రోలే నడుస్తున్నా స్కానర్ ఇథనాల్ 50, 60 శాతం చూపిస్తుంటే, ముందుగా ఆక్సిజన్ సెన్సర్‌కు ఎగువన ఎగ్జాస్ట్ లీకు, ఇన్‌టేక్‌లో వాక్యూమ్ లీకు వెతకండి. అదనంగా చొరబడిన గాలిని ఈసీయూ ఇథనాల్‌గా పొరబడుతుంది. లీకు సరిచేశాకే స్కానర్‌తో ఆ విలువను రీసెట్ చేయించాలి. ఇథనాల్ సెన్సర్ ఉన్న కార్లలో పి0178, పి0179 కోడ్‌లు వస్తే ముందు ఆ సెన్సర్ వైరింగు, కనెక్టర్ చూడాలి.

రీసెట్ అవుతుందని బ్యాటరీ పీకకండి. చాలా కార్లలో నేర్చుకున్న శాతం చెరిగిపోయి ఈసీయూ పెట్రోల్ లెక్కకు వెళ్తుంది. ట్యాంకులో ఇంకా ఇథనాలే ఎక్కువుంటే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

ఇ85తో నెలల తరబడి కదలకుండా ఉన్న కారు సంగతి వేరు. ఇథనాల్ తేమను పీల్చి తనలో కలుపుకుంటుంది. పైన పెట్రోల్ పోయగానే ఆ నీటిని పట్టి ఉంచే శక్తి బాగా తగ్గి, నీరు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే. ఇలాంటప్పుడు పాత ఇంధనం తీయించి, తర్వాతే పెట్రోల్ పోయించండి.

బయట ఇ85కి మాత్రమే ట్యూన్ చేయించిన కారుకు పై పద్ధతి పనికిరాదు. దానికి నేర్చుకునే లెక్కే లేదు, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) కూడా ఇథనాల్‌కు తగ్గట్టు ముందుకు జరిపి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేయించి, ఈసీయూలో పెట్రోల్ మ్యాప్ (పెట్రోల్‌కు తగిన సెట్టింగులు) ఎక్కించాకే స్టార్ట్ చేయాలి. ఇంధనాన్ని బయటి గాలిలో, నిప్పుకు దూరంగా, ఎర్త్ చేసిన లోహపు డబ్బాలోకే తీయించండి.