ట్యాపులో నీళ్లు సన్నగా వస్తున్నాయా? ముందు జాలీ విప్పండి

ఇంట్లో మిగతా ట్యాపులన్నీ బాగానే ఉండి, సింకు దగ్గరదొక్కటే సన్నగా, పక్కలకు చిమ్ముతూ వస్తోందంటే ప్లంబర్‌ను పిలవనక్కర్లేదు. ట్యాపు మూతికి ఉండే జాలీలో బోరు నీళ్ల సున్నం, ట్యాంకు ఇసుక పేరుకుని ఉంటాయి. షాపుల్లో దీన్నే ఏరేటర్ అనీ, ఫోమ్ ఫ్లో అనీ అంటారు.

తెల్ల వెనిగర్, పాత టూత్‌బ్రష్, రబ్బరు గ్లవ్ చాలు. సింకు రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టండి, వాషర్ జారి పడిందంటే ఇక దొరకదు.

ఇక విప్పడం. అందరూ పాడుచేసేది ఇక్కడే. జాలీ కిందికి చూస్తూ ఉంటుంది కాబట్టి, పైనుంచి చూసేవాళ్లకు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక రెండో వైపు బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తారు. తర్వాత ప్లయర్ తెచ్చి నొక్కుతారు. ఆ రింగు పల్చటి ఇత్తడి, ఒక్కోసారి ప్లాస్టిక్కే. నొక్కితే గుండ్రం పోతుంది, మర చెడుతుంది, మెరుగు లేచిపోతుంది.

ముందు గ్లవ్ వేసుకుని, పనిముట్టు లేకుండా చేత్తోనే ప్రయత్నించండి. కదలకపోతే చిన్న ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి, మూతి మునిగేలా ట్యాపుకు రబ్బరు బ్యాండుతో కట్టి అరగంట ఆగండి. మరల్లో పట్టిన సున్నం వదులవుతుంది. అప్పటికీ రాకపోతేనే ప్లయర్, అదీ మందంగా గుడ్డ చుట్టి, పట్టీ పట్టనట్టు పట్టుకుని.

ఊడగానే లోపలి ముక్కల వరస ఫోన్లో ఫొటో తీసుకోండి. గంటసేపు వెనిగర్లో నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. నిమ్మతొక్కలు పైపై మెరుపుకే, జాలీలో గడ్డకట్టిన సున్నానికి చాలవు. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం అసలు పోవద్దు. పిన్నుతో పొడవద్దు, జాలీ చిరుగుతుంది.

బిగించే ముందు ట్యాపు ఒకసారి పూర్తిగా తిప్పి నీళ్లు వదలండి, గొట్టంలో మిగిలిన ఇసుక పోతుంది. జాలీ లేకుండా కూడా ధార సన్నగానే ఉందా? అయితే సింకు కింద యాంగిల్ కాక్, అంటే ఆ ట్యాపుకు నీళ్లు ఆపే చిన్న వాల్వు, పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి.

చేత్తో బిగిస్తే సరిపోతుంది. అంచు నుంచి కారుతుంటే వాషర్ సరిగా కూర్చోలేదన్నమాట. జాలీ చిరిగి ఉంటే కొత్తది కొనండి, కానీ పాతది వెంట తీసుకెళ్లండి. కొన్నిటికి మర బయట ఉంటుంది, కొన్నిటికి లోపల.